వెనక్కి నడిచే అమ్మాయి

మీరెప్పుడైనా గంటసేపు వెనక్కి నడుస్తూ మాట్లాడారా? పోనీ, పది నిమిషాలు? నావల్లయితే కాదు. ముందుకి చూసి నడిస్తేనే కాలు మెలిక పడే వయసు నాది. కానీ మా చెల్లెలి కూతురు వారానికి నాలుగుసార్లు ఆ పని చేస్తుంది. పైగా, అలా నడిచినందుకు తనకి జీతం ఇస్తారు!

గుంటూరులో ఇంటర్ అవగానే డిగ్రీ చదవడానికే అమెరికా వెళ్లిపోయింది మా పిల్ల. అక్కడి మధ్య పశ్చిమ ప్రాంతంలో ఒక రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీ. ఇప్పుడు మూడో సంవత్సరం. చదువుకుంటూ చేసే ఉద్యోగం పేరు క్యాంపస్ టూర్ గైడ్. అంటే, యూనివర్సిటీ చూడ్డానికి వచ్చినవాళ్లని వెంటబెట్టుకుని తిప్పి చూపించడం. పాతికమంది గుంపుకి ఎదురుగా నిలబడి, వాళ్ల మొహాలు చూస్తూ, తను వెనక్కి నడుస్తూ, ఇది లైబ్రరీ, అది కెమిస్ట్రీ విభాగం అని చెప్పుకుపోవాలి. వీపు చూపిస్తే మాట వినబడదట, మర్యాదా కాదట. వెనకాల రాయో రప్పో ఉంటే జనమే ‘జాగ్రత్త’ అని అరుస్తారు. కాళ్లు విరగ్గొట్టుకుంటారన్న భయంతో కొన్ని కాలేజీలు ఈ పద్ధతి మానేశాయి. చాలాచోట్ల మాత్రం ఇంకా అది గైడ్ల విద్యే.

ఈ తిప్పి చూపించే తతంగం మనకి కొత్త. మన దగ్గర పిల్లాడు కాలేజీని చూసేది సీటొచ్చాక. ర్యాంకు రావాలి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టుకోవాలి, ఎక్కడ పడితే అక్కడికి పెట్టె సర్దుకోవాలి. అమెరికాలో అలా కాదు. పిల్లలు హైస్కూల్ చివరి రెండేళ్లలో ఉండగానే తల్లిదండ్రులు కార్లో ఎక్కించుకుని ఊరూరా కాలేజీలు చూపిస్తారు. అచ్చంగా పెళ్లిచూపులే! పిల్లాడు కాలేజీని చూస్తాడు, కాలేజీ పిల్లాడిని చూస్తుంది, డబ్బు సంగతి పెద్దవాళ్లు చివర్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. మధ్యలో ఉండే గైడు పెళ్లిళ్ల పేరయ్య అన్నమాట.

నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు కదా! మరి ఈ పేరయ్యలు ఎన్ని అబద్ధాలాడతారు?

* * *

కిందటి ఏప్రిల్‌లో మా పిల్ల దగ్గరికి వెళ్లడానికి వారం ముందు, బోస్టన్ దగ్గరున్న మా అబ్బాయి నన్ను హార్వర్డ్ చూడ్డానికి తీసుకెళ్లాడు. అక్కడా విద్యార్థులే గైడ్లు. ఆ ఆవరణలో జాన్ హార్వర్డ్ విగ్రహం ఒకటుంది. డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ అనే శిల్పి చేసింది, 1884లో పెట్టారు. కింద ‘జాన్ హార్వర్డ్, సంస్థాపకుడు, 1638’ అని చెక్కి ఉంటుంది. ఆ కాస్త రాతలో మూడు అబద్ధాలున్నాయి. ఆ మొహం జాన్ హార్వర్డ్‌ది కాదు. ఆయన చిత్రం ఒక్కటీ మిగల్లేదు గనక శిల్పి ఒక కుర్రాణ్ని కూర్చోబెట్టి చేశాడు. ఆయన స్థాపకుడూ కాదు. చనిపోతూ సగం ఆస్తినీ, సుమారు 400 పుస్తకాలనీ ఇచ్చిన దాత. కాలేజీ పుట్టింది 1638లో కాదు, 1636లో. ఆ యూనివర్సిటీ ధ్యేయవాక్యమేమో ‘సత్యం’ అనే అర్థం వచ్చే ఒక్క లాటిన్ మాట!

అదే ఆవరణలో వైడెనర్ లైబ్రరీ. 1912లో టైటానిక్ ఓడ మునిగినప్పుడు చనిపోయిన హ్యారీ వైడెనర్ పేరున వాళ్లమ్మ కట్టించింది. 1915లో తెరిచారు. కొడుకు నీళ్లలో పోయాడు గనక ఇక్కడ చదివే ప్రతి పిల్లాడికీ ఈత పరీక్ష పెట్టాలని ఆ తల్లి షరతు పెట్టిందని ఒక కథ. వినగానే గుండె కలుక్కుమంటుంది. కానీ అది ఉత్త కథే.

నాకు నచ్చిందేమిటంటే, విగ్రహం అబద్ధాలు మూడింటినీ అక్కడి గైడ్లు దాచిపెట్టరు. గంట టూరులో జనం ఇంటికి మోసుకెళ్లేది కూడా ఆ ముచ్చటే. లోపం దాచినవాడి కంటే, నవ్వుతూ చూపించినవాణ్నే మనం నమ్ముతాం. ఆ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది మాత్రం వారం తర్వాత, మా పిల్ల టూరులో.

* * *

‘పెద్దమ్మా, నువ్వు నా చుట్టానివని ఎవరికీ చెప్పకు. వెనకాల నిలబడు, ప్రశ్నలు అడక్కు’ అని ముందే షరతు పెట్టింది. సరేనన్నాను.

ఈ ఉద్యోగం ఊరికే రాదు. దరఖాస్తు పెట్టాలి, ఇంటర్వ్యూకి వెళ్లాలి, సీనియర్ గైడ్ల వెనక కొన్నాళ్లు తిరగాలి, భవనాల చరిత్ర నోటికి రావాలి. కొన్ని కాలేజీల్లో ఇది ఉచిత సేవ, కొన్నిచోట్ల గంటకింత అని ఇస్తారు. మన పిల్లల్లా స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే, వారానికి 20 గంటలకి మించకుండా పనిచెయ్యాలి. ఎక్కువమంది భోజనశాలలోనో లైబ్రరీలోనో చేరతారు. మా పిల్లకి మాటలెక్కువ, ఇందులో చేరింది.

ఆ రోజు గుంపులో ఒక తెలుగు కుటుంబం ఉంది. అదే రాష్ట్రంలో వేరే ఊళ్లో స్థిరపడ్డవాళ్లు. తల్లి మాటలో కరీంనగర్ వైపు యాస. కొడుకు చెవుల్లో ఏవో పెట్టుకుని ఎటో చూస్తున్నాడు. తండ్రి చేతిలో మాత్రం కాగితం, దాని మీద ప్రశ్నలు వరసగా నంబర్లు వేసి.

మొదటి ప్రశ్న, చదువయ్యాక ఎంతమందికి ఉద్యోగాలొస్తాయి, ఎంత జీతం? ‘మొత్తానికి కలిపి చెప్పే లెక్క కాకుండా, మీ అబ్బాయి తీసుకునే సబ్జెక్టుకి విడిగా లెక్క అడగండి’ అంది మా పిల్ల.

రెండోది, ఇక్కడ భద్రత ఎలా ఉంటుంది? దారిపొడుగునా నీలం దీపాలతో ఉన్న స్తంభాలు చూపించింది. ఆపదొస్తే మీట నొక్కితే చాలు, క్యాంపస్ పోలీసులకి ఫోన్ వెళుతుంది. అక్కడితో ఊరుకోలేదు. ‘నేను భద్రంగా ఉందనే అంటాను, మీరు లెక్కలు చూసుకోండి’ అంది. 1986లో ఒక కాలేజీ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే అమ్మాయి హత్యకి గురైంది. ఆమె తల్లిదండ్రులు పోరాడితే 1990లో చట్టం వచ్చింది. దాని ప్రకారం క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్కని కాలేజీలు ఏటా బయటపెట్టాలి. పిల్లల్ని పంపే ప్రతివాళ్లూ ఆ నివేదిక అడిగి చదవాలి. మనవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

మూడోది అసలైన తెలుగు ప్రశ్న. ‘మా అబ్బాయి మార్కులు మాకు పంపిస్తారా?’

గుంపంతా నవ్వింది. మా పిల్ల నవ్వలేదు. 1974 నాటి చట్టం ఒకటుందనీ, కాలేజీలో చేరాక మార్కుల మీద హక్కు పిల్లలదేననీ, వాళ్లు ఒప్పుకుంటే తప్ప తల్లిదండ్రులకి సాధారణంగా చెప్పరనీ వివరించింది. ఆయన మొహం చూడాలి! ‘ఫీజు కట్టేది నేనాయె’ అన్నాడు తెలుగులో, ఎవరితోనూ కాకుండా.

నాకు నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే నవ్వులాట కాదనిపించింది. వేల మైళ్ల దూరంలో పిల్లాడు ఎలా చదువుతున్నాడో, ఎలా ఉన్నాడో యూనివర్సిటీ మనకి ఉత్తరం రాసి చెప్పదు. పిల్లాడు ఏం చెబితే అదే మనకి తెలిసేది. ఏం చూపిస్తే అదే చూసేది.

* * *

టూరు అయిపోయింది. చప్పట్లు కొట్టి అందరూ వెళ్లిపోతున్నారు. తండ్రీ కొడుకులు కారు వైపు నడిచారు. ఆ తల్లి మాత్రం ఆగిపోయింది. గంటన్నరగా ఒక్క మాట మాట్లాడని మనిషి, మా పిల్ల చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది.

‘బిడ్డా, మావోడు ఎన్నడు ఇల్లు విడిచి ఉండలే. ఎవరితోనీ లొల్లి లేదు, దోస్తులు గూడ లేరు. ఈడ ఉంటడా?’

ఇది ఏ కాగితం మీదా లేని ప్రశ్న. దీనికి నేర్పిన జవాబూ ఉండదు. ‘భలేవారే ఆంటీ, హాయిగా ఉంటాడు’ అంటే సరిపోయేది. పేరయ్యయితే అదే అనేవాడు.

మా పిల్ల ఒక్క క్షణం ఆగింది. ‘ఉంటాడాంటీ. కానీ మొదట్లోనే బాగుంటుందని మాత్రం నేను చెప్పను. నేను మొదటి సెమిస్టరంతా ఏడ్చాను. డైనింగ్ హాల్లో ఒక్కదాన్నే కూర్చోవడం సిగ్గనిపించి, గదిలోనే బ్రెడ్డు తిని పడుకునేదాన్ని. ఒక పరీక్ష తప్పాను. నవంబర్‌లో ఇక లాభం లేదని కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడొక ఆవిడ నాతో ఆరు వారాలు మాట్లాడింది. అది మన టూరు దారిలో లేదు. రండి, చూపిస్తాను’ అంది.

ఆవిణ్ని తీసుకుని రెండు భవనాల అవతలికి నడిచింది. ఈసారి వెనక్కి కాదు, పక్కపక్కనే.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ మొదటి సెమిస్టర్ నాకు బాగా గుర్తుంది. ప్రతి ఆదివారం పొద్దున వీడియో కాల్ చేసేది. మా చెల్లెలు ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి పెడితే అందరం చుట్టూ మూగేవాళ్లం. ఇదిగో ఫౌంటెన్, ఇదిగో లైబ్రరీ, ఇదిగో మొదటి మంచు, ఉడతని చూడు పెద్దమ్మా అంటూ చూపించేది. ఒక్కసారి కూడా గది చూపించలేదు. మేమూ అడగలేదు. ‘బాగున్నావా?’ అంటే ‘సూపర్’ అనేది. పిల్ల ఎంత హాయిగా ఉందో అని మురిసిపోయాం.

జీతం తీసుకుని టూరు చెయ్యడం తను రెండో ఏడు మొదలుపెట్టింది. మాకు మాత్రం మొదటి రోజు నుంచీ టూరే చేసింది.

* * *

తిరిగొచ్చాక ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం. ‘ఇలా చెబితే మీ ఆఫీసువాళ్లు ఏమీ అనరా?’ అన్నాను.

‘అబద్ధం చెప్పొద్దనీ, తెలియకపోతే తెలియదనమనీ ట్రైనింగ్‌లోనే చెప్పారు పెద్దమ్మా. ఏడ్చానని చెప్పమనలేదు, చెప్పొద్దనీ అనలేదు.’

‘మీ అమ్మకి తెలుసా?’

తల అడ్డంగా ఊపింది. ‘అమ్మకి నిద్ర పట్టదు. నాన్నకి అసలే బీపీ.’

ఇక్కడ నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకంటే ఆ ఫిబ్రవరిలోనే వాళ్ల నాన్నకి గుండెలో స్టెంట్ వేశారు. పిల్లకి పరీక్షలు, కంగారుపడుతుంది, టికెట్ కొనుక్కుని వచ్చేస్తుంది, సెలవులయ్యాక చెబుదామని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం. ఆ తీర్మానంలో మొదటి ఓటు నాదే. తను మాకు ఫౌంటెన్ చూపించినట్టే, మేమూ తనకి ఆవకాయ జాడీలు, కొత్త కర్టెన్లు, పెరట్లో మామిడి పూత చూపించాం. హాస్పిటల్ ఒక్కటీ చూపించలేదు. ఇటు నుంచీ టూరే, అటు నుంచీ టూరే.

కాసేపటి క్రితం ఎవరో పరాయి తల్లికి మా పిల్ల నిజం చెప్పింది. నేను సొంత పెద్దమ్మని.

చెప్పేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ‘ఎన్నో తారీఖు?’ అంది.

‘పదకొండు.’

ఫోన్ తీసి వెనక్కి వెళ్లి చూసుకుంది. ‘ఆ రోజు నాన్న వాకింగ్‌కి వెళ్లాడంది అమ్మ. నేను నాన్న ఫోటో పెట్టమంటే పాత ఫోటో పెట్టింది.’ అంతే. తర్వాత చాలాసేపు నాతో మాట్లాడలేదు. కోపం రావడం న్యాయమే. ఒకవేళ ఏదైనా అయ్యుంటే, తనకి మిగిలేది ఆ పాత ఫోటోయే కదా!

ఆ మౌనంలో నాకు హార్వర్డ్ మళ్లీ గుర్తొచ్చింది. మేము ఆవరణంతా తిరిగాం గానీ, నది దాటి బోస్టన్ వైపున్న మెడికల్ స్కూలుకి వెళ్లలేదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఓడెక్కి చేరింది ఆ హార్వర్డ్‌కే. పగలు చదువు, పొట్టకూటికి హాస్పిటల్లో రాత్రిపూట ఊడిగం. ఆయన సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించిన పరీక్షా విధానాన్ని 1925లో ప్రకటిస్తే, బయోకెమిస్ట్రీ చదివినవాళ్లంతా ఆ ఇద్దరి పేర్లతోనే చెప్పుకున్నారు. ఆయన 1948లో కన్నుమూసేదాకా మళ్లీ స్వదేశం రాలేదు. తను వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోతే, ఆ మొహం కూడా చూడలేదు. ఆ రోజుల్లో కబురు ఓడ మీద రావాలి. కష్టం చెప్పుకున్నా అది అందేసరికి పాతబడిపోయేది. దాచుకోక ఏం చేస్తారు? ఇప్పుడు వేలు కదిపితే మొహం కనిపిస్తుంది. అయినా దాచుకుంటున్నాం. అప్పుడు దూరం అడ్డం, ఇప్పుడు ప్రేమే అడ్డం.

* * *

ఇదంతా అమెరికా సంగతి అనుకుంటున్నారేమో. పక్క జిల్లా హాస్టల్లో ఉన్న పిల్లాడి సంగతీ ఇంతే. నేను పీజీలో చేరిన రోజు మా నాన్న ఫీజు కట్టి, పెట్టె గదిలో పెట్టి, సాయంత్రం బండికి వెళ్లిపోయారు. నాకు టూరు చేసింది పక్క గది సీనియర్ అక్క. ‘ఆ కుళాయిలో నీళ్లు పట్టుకోకు, మంగళవారం కూర తినకు, ఏడుపొస్తే మేడ మీదకి రా, అక్కడ అందరం ఏడ్చినవాళ్లమే’ అంది. లైబ్రరీలో ఎన్ని లక్షల పుస్తకాలున్నాయో ఆమె చెప్పలేదు. నేను ఆ రెండేళ్లు అక్కడ ఉండగలిగింది మాత్రం ఆ మేడ వల్లే.

మన యూనివర్సిటీల్లో టూర్ గైడ్ ఉద్యోగాలు పెడతారో లేదో గానీ, కొత్తగా వచ్చినవాళ్లకి మేడ ఎక్కడుందో చెప్పే అక్కలూ అన్నలూ ఉంటే చాలు.

మరి ఇంట్లో ఉన్న మనం? ఇది కూడా మా పిల్లే చెప్పింది. ‘బాగుందా అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు పెద్దమ్మా. టూరులోనూ అంతే. తెలివైనవాళ్లు, మొన్న ఆదివారం ఏం చేశావు, ఎవరితో కలిసి భోంచేశావు, ఇక్కడ నీకు నచ్చనిదేంటి అని అడుగుతారు. అప్పుడు మేం అబద్ధం చెప్పలేం.’

ఆ రాత్రి ఎనిమిదిన్నరదాకా ఆగింది. అప్పుడు మనకి పొద్దున ఏడు. ఫోన్ బియ్యం డబ్బాకి ఆనించారు. మా మరిదిగారు తెల్ల చొక్కాలో నవ్వుతూ కూర్చున్నారు. ‘నాన్నా, మందుల డబ్బా చూపించు’ అంది మా పిల్ల.

అవతల ఎవరూ మాట్లాడలేదు. ఆయన మెల్లిగా లేచి వెళ్లి డబ్బా తెచ్చారు. ఏది పొద్దున, ఏది రాత్రి అని ఒక్కొక్క మాత్రా చూపించారు. అదయ్యాక మా పిల్ల మొదటి సెమిస్టర్ సంగతి చెప్పింది, బ్రెడ్డు సంగతీ, తప్పిన పరీక్ష సంగతీ. మా చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. చివరికి మా పిల్ల ఫోన్ తిప్పి గది చూపించింది. కుర్చీ మీద ఉతకని బట్టల గుట్ట, కిటికీ దగ్గర నూడుల్స్ ప్యాకెట్లు, మూతలేని పచ్చడి సీసా.

మా చెల్లెలు కళ్లు తుడుచుకుని, దగ్గరకొచ్చి చూసింది.

‘ఆ గదేంటే, అలా ఉంది! ఆడపిల్ల ఉండే గదేనా అది?’ అని మొదలుపెట్టింది.

పావుగంట ఆపకుండా తిట్టింది. మా పిల్ల మంచం మీద కూర్చుని, నవ్వుతూ, మొత్తం వింది.